చివరి వీధి దీపం దాకా

ఐదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య మెట్ల మలుపులో ఇన్‌స్పెక్టరమ్మగారు ఆగి, నల్లగొడుగును గోడకు ఆనించి, ఎదురుగా పెచ్చులూడిన సున్నాన్ని మిక్కిలి శ్రద్ధగా పరిశీలించసాగారు. ఆయాసం వచ్చి ఆగారని ఎవరైనా పొరబడతారేమోనన్నదొక్కటే ఆమె బెంగ. ముప్పై నాలుగేళ్ళు బడులను తనిఖీ చేసిన మనిషి. పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయినా, ఆమె చూస్తే గోడ కూడా సర్దుకుని నిలబడవలసిందే.

"లిఫ్ట్ బ్రహ్మాండంగా పని చేస్తోంది మేడమ్!" పై నుంచి కటకటాల మీదుగా ఒక తల వేలాడింది. "నిన్ననే నా చేత్తో నేను గ్రీజు పెట్టాను."

"పని చేస్తున్నదని తెలుసు. దానికి మోటారున్నదని కూడా తెలుసు. సాక్షి కాలినడకనే రావాలి. నియమం."

"నియమం మా గడప దగ్గర్నుంచి కదా? మా గడపదాకా రావడానికి లిఫ్ట్ ఎక్కితే ఏమవుతుంది?"

ఇన్‌స్పెక్టరమ్మగారు పెచ్చు లేచిన సున్నాన్ని వేలితో గీకారు. ప్రశ్న న్యాయమైనది. అంతకంటే బాధాకరమైన సంగతి, ఆ ఆలోచన తనకు రాకపోవడం.

"ఆ ప్రశ్న నేను కింద ఉన్నప్పుడు అడగవలసింది," అని గొడుగు అందుకుని, మిగిలిన మెట్లు ఎక్కారు.

ఎనిమిదో అంతస్తులో గడప అవతల నిలబడిన పిల్ల లిఫ్టు మెకానిక్కు. వయసు ఇరవై అయిదు, వచ్చే నెలకు ఇరవై ఆరు. ఊళ్ళోని సగం భవనాలలో జనాన్ని పైకీ కిందికీ మోసే యంత్రాలన్నీ ఆ పిల్ల మాట వింటాయి. యంత్రమన్నది లేకుండా, తన రెండు కాళ్ళనే నమ్ముకుని, పన్నెండు రోజులలో మూడు కనుమలు దాటి దువ్వెన శిఖరం ఎక్కి రావాలన్నది మాత్రం దాని కోరిక. పళ్ళు పళ్ళుగా కోసుకుపోయిన ఆ కొండకు ఊరివాళ్ళు పెట్టిన పేరు దువ్వెన.

ఆ కోరిక తీర్చేందుకే ఇన్‌స్పెక్టరమ్మగారి చెల్లెలి పేరిట ఒక స్మారక గ్రాంటు ఉన్నది. చెల్లెలు బతికి ఉన్నన్నాళ్ళూ కొండల వెంట తిరిగింది. చివరికి ఏ కొండ మీదనుంచో పడి కాక, ఇంట్లో మంచం మీద, మామూలు జ్వరంతో పోయింది. అది జరిగి ఇరవై ఏళ్ళు. ఆ మరుసటి ఏడు, ఇరవై అయిదేళ్ళు దాటని ఆడపిల్లలు సొంత బలంతో చేసే కొండయాత్రలకు సాయపడేలా చెల్లెలి భర్త, అంటే ఊళ్ళోని పళ్ళ డాక్టరు, గ్రాంటు నెలకొల్పారు. నియమావళి రాసింది మాత్రం ఇన్‌స్పెక్టరమ్మగారే. మొత్తం పద్నాలుగు నియమాలు. ఒక్కొక్కటీ ఇనుప పెట్టెకు వేసిన తాళంలా ఉంటుంది. అందులో తొమ్మిదవది ఇది: "సాక్షి యాత్రికురాలి వెంట ఆమె గడప మొదలుకొని ఊరి చివరి వీధి దీపము వరకు కాలినడకన వెళ్ళి, ఆ దీపము క్రింద పత్రముపై సంతకము చేయవలెను. సంతకము లేని పత్రము చెల్లదు."

పత్రం చెల్లకపోతే కనుమ అవతలి విడిదిళ్ళలో తలుపు తీయరు, దాచి ఉంచిన డేరా ఇవ్వరు, తిండి పెట్టరు. ఆ పత్రం కోసమే మెకానిక్కు నాలుగేళ్ళు దరఖాస్తు పెడుతూ వచ్చింది. ఈ నెల దాటితే వయసు దాటిపోతుంది.

గడప దగ్గర తల్లి, రొట్టెల దుకాణంలో పనిచేసే మనిషి, పిండి అంటిన చేతులతోనే ఇన్‌స్పెక్టరమ్మగారి చేయి పట్టుకుంది.

"అమ్మగారూ, నాకు కొండలూ తెలీవు, గ్రాంట్లూ తెలీవు. మీరు సంతకం పెడితేనే ఇది ముందుకెళ్ళాలి. లేదంటే చెవి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చెయ్యండి. అలాగని ఒట్టేయించుకున్నాను."

"మీకు ఆ బెంగ అక్కర్లేదు. పద్దెనిమిది మందికి పెట్టాను, ఒక్క సంతకం పక్కకు పోలేదు. కలప మిల్లు దాకానేగా. పావుగంట నడక," అన్నారు ఇన్‌స్పెక్టరమ్మగారు.

ఆ మాట అన్నందుకు ఆమె తరువాత చాలాసార్లు నాలుక కరుచుకున్నారు.

మెట్లు దిగడానికే పదిహేను నిమిషాలు పట్టింది. వీధులు దాటి, బట్టలు ఆరేసిన పెరళ్ళ వెనుకగా, రంపపు పొట్టు వాసన వేసే మలుపు తిరిగేసరికి కలప మిల్లు కనిపించింది. దాని ముందు దీపస్తంభం, నలభై ఒకటి అని నంబరు. పద్దెనిమిదిసార్లు ఇదే స్తంభం కింద నిలబడ్డారు. చేతిసంచి తెరిచి, కలం మూత తీసి, మెకానిక్కును వెనక్కి తిరగమన్నారు. ఆ పిల్ల వీపును బల్లగా వాడుకుందామని ఉద్దేశం.

మెకానిక్కు తిరగలేదు. కొండదారి వైపు చూస్తూ నిలబడింది.

"మేడమ్. అదేంటి?"

మలుపు అవతల, అరవై అంగల దూరంలో, నిగనిగలాడే కొత్త స్తంభం. నెత్తిన నల్లటి పలక. దాని అవతల ఇంకొకటి. దాని అవతల మరొకటి. దారి కొండను చుట్టుకుంటూ పైకి పోయినంత మేరా, బడి మైదానంలో వరుస కట్టిన పిల్లల్లా, ఒకదాని వెనుక ఒకటి.

ఇన్‌స్పెక్టరమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. స్తంభాలు కదలలేదు.

అప్పుడే వెనకనుంచి పళ్ళ డాక్టరుగారి పాత కారు దగ్గుకుంటూ వచ్చి ఆగింది. వదినగారిని ఇంటికి చేర్చడం ఏటా ఆయన వంతు.

"అయ్యిందా వదినా? ఫ్లాస్కులో టీ వేడిగా ఉంది."

"మరిదిగారూ, ఆ స్తంభాలు ఏమిటి?"

"అవా? సోలారు దీపాలు. కనుమ దాకా కొండను పోయినేడు ఊళ్ళో కలిపేశారుగా. ఈ మధ్యే దారి పొడుగునా పాతారు. మీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారు?"

"పేపర్లో వచ్చింది వదినా."

"పేపర్లో తప్పులు చూసి నేను పేపరు మానేశానని మీకు తెలుసు కదా!"

డాక్టరుగారు ఫోను తీసి పురపాలక కార్యాలయంలోని దీపాల గుమాస్తాకు చేశారు. ఆ గుమాస్తా పన్ను ఒకటి పోయిన నెలలోనే పీకారు గనక వెంటనే పలికాడు. డాక్టరుగారు ఫోను చెవి నుంచి తీసి, మెల్లగా అన్నారు:

"చివరిది రెండు వందల పన్నెండట. సరిగ్గా కనుమ మీద."

మెకానిక్కు మనసులో తీసివేత చేసింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఇంకా నూట డెబ్భై ఒక్క దీపాలు. దారంతా ఎక్కుడు. సాక్షికి డెబ్భై రెండేళ్ళు.

"ఫరవాలేదు మేడమ్," అంది ఆ పిల్ల. బాగా ఫరవా ఉన్నవాళ్ళు మాత్రమే అనగలిగినట్టు అంది. "నియమం మార్చెయ్యొచ్చుగా? కమిటీ మీరేగా?"

"కమిటీ ముగ్గురు. మూడో ఆవిడ ఊళ్ళో లేదు. పైగా నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పద్నాలుగో నియమం."

"ఎవరు రాశారది?" అన్నారు డాక్టరుగారు, తెలిసి కూడా.

"నేనే రాశాను. బాగా రాశాను," అన్నారు ఇన్‌స్పెక్టరమ్మగారు. "కలప మిల్లు అని రాసి ఉంటే సరిపోయేది. చివరి వీధి దీపం అని రాశాను. అప్పుడు అది అందంగా వినిపించింది." కలానికి మూత పెట్టారు. గొడుగు చంకలోంచి తీసి నేలకు ఆనించారు. "పద అమ్మాయ్. నలభై రెండు."

నలభై రెండో దీపం దాకా ఆమె గంభీరంగా నడిచారు. యాభయ్యో దీపం దగ్గర కోటు గుండీ ఒకటి విప్పారు. అరవైలో రెండవది. వెనుక డాక్టరుగారి కారు మొదటి గేరులో, పళ్ళు నూరుతున్న ఎద్దులా మూలుగుతూ వస్తోంది.

"మరిదిగారూ, ఇరవై అంగలు వెనక ఉండండి! కారు నన్ను తోసిందని రేపు ఎవరూ అనకూడదు."

"ఎవరంటారు వదినా, కాకులా?"

"నేనంటాను!"

"టీ అయినా ఇవ్వనియ్యండి. టీకి ఇంజను లేదుగా."

ఇన్‌స్పెక్టరమ్మగారు నిలబడి ఆలోచించారు. "కారు ఆపి, దిగి, నడిచి వచ్చి ఇస్తే అభ్యంతరం లేదు," అని తీర్పు చెప్పారు. డాక్టరుగారు దిగి, ఫ్లాస్కు పట్టుకుని, నీళ్ళ బిందె మోస్తున్న కొత్త కోడలంత జాగ్రత్తగా నడిచి వచ్చారు.

డెబ్భయ్యో దీపం దాటాక విషయం కొంచెం మారింది. అలవాటు ఊరుకోదు కదా. ఇన్‌స్పెక్టరమ్మగారు తనిఖీ మొదలుపెట్టారు.

"డెబ్భై నాలుగు. ఎడమకు వంగి నిలబడింది. రాసుకో."

"ఏంటి, దీపానికి మార్కులా?" మెకానిక్కు పకపకా నవ్వింది.

"మార్కులు కాదు, వ్యాఖ్య. డెబ్భై అయిదు, పలక మీద పక్షి రెట్ట. శుభ్రత లోపించింది. డెబ్భై ఆరు, బాగున్నది. ఇట్లా ఉండాలి. దీన్ని చూసి మిగతావి నేర్చుకోవాలి."

"డెబ్భై ఏడు వంక ఒకసారి చూడండి, పాపం తలొంచుకుంది."

"హోమ్‌వర్కు చేసి ఉండదు."

అక్కడినుంచి ఇద్దరికీ పూనకం పట్టినట్టయింది. ఎనభై రెండు తరగతి లీడరయింది. తొంభై, వెనక బెంచీలో నిద్రపోయేది. నూరో దీపానికి మెకానిక్కు సెల్యూట్ చేసింది. ఇన్‌స్పెక్టరమ్మగారు తల పంకించి, "కూర్చోవచ్చు," అని దానికి అనుమతిచ్చారు. వెనుక కారులోంచి డాక్టరుగారు తల బయటపెట్టి, "వదినా, ఎండ దెబ్బ తగల్లేదు కదా?" అని అరిచారు. తగలలేదనడానికి ఆమె గొడుగు గాలిలో గిర్రున తిప్పారు.

నూట ఇరవయ్యో దీపం దగ్గర మోకాలు కుదరదు అని చెప్పేసింది.

ఇన్‌స్పెక్టరమ్మగారు రాతి మీద కూర్చున్నారు. ఈసారి పరిశీలించడానికి అక్కడ గోడ కూడా లేదు. డాక్టరుగారు కారు ఆపి, దిగి, నడిచే వచ్చి పక్కన నిలబడ్డారు.

"వదినా, నా మాట వినండి. ఓ నలభై దీపాలు కార్లో రండి. చివర్లో దిగి నడవండి. ఎవరు చూడొచ్చారు?"

"ఎక్కండి మేడమ్," అంది మెకానిక్కు. "నేనెవ్వరికీ చెప్పను. ప్రాణమ్మీదికి తెచ్చుకుంటారా ఏంటి?" ఆగి, బూటు కొనతో మట్టిని గీకుతూ, "లేదంటే వెనక్కి వెళ్ళిపోదాం. అమ్మకు ఒట్టేశాగా. మళ్ళీ లిఫ్టులు ఎటూ ఉన్నాయి," అంది.

ఆ పిల్ల కళ్ళు ఆ మాట అంటున్నప్పుడు కూడా పైకే ఉన్నాయి. దూరాన దువ్వెన పళ్ళు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి.

ఇన్‌స్పెక్టరమ్మగారు మోకాలు నిమురుకున్నారు.

"మా చెల్లి కొండకు పోయినప్పుడల్లా నేనే సాగనంపేదాన్ని," అన్నారు చివరికి. "కలప మిల్లు దీపం దగ్గర ఆగిపోయేదాన్ని. అది ప్రతిసారీ ఒకటే పాట. ఇంకొంచెం రా అక్కా, ఆ మలుపు దాకా రా అని. నాకు పేపర్లు దిద్దేవి ఉండేవి. రిపోర్టులు ఉండేవి. దీపం ఇక్కడితో అయిపోయింది, నా బాధ్యత కూడా అయిపోయింది అనేదాన్ని. అది వెక్కిరించేది. ఒకరోజు దీపాలన్నీ కొండ మీదికి పాతిస్తాను, అప్పుడేమంటావో చూస్తాను అనేది."

డాక్టరుగారు ముక్కు చీదుకున్నారు. తరువాత వరుసగా పైకి పాకిన స్తంభాలను చూశారు. ముందుగా నవ్వింది ఆయనే.

"పాతించేసింది వదినా! చచ్చి కూడా పంతం నెగ్గించుకుంది!"

"అట్లాగే ఉన్నది," అని ఇన్‌స్పెక్టరమ్మగారు గొడుగు మీద బరువు వేసి లేచారు. "దానికి ఎప్పుడూ మొండితనమే. అమ్మాయ్, భుజం ఇవ్వు. భుజానికి మోటారు లేదు."

నూట ఎనభయ్యో దీపం దగ్గర ఒక పెద్ద బుసతో కారు ఆగిపోయింది. ముందు భాగంలోంచి ఆవిరి లేచింది. ఇన్‌స్పెక్టరమ్మగారు వెనక్కి తిరిగి, తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు కారును చూశారు.

"రాసుకో. ఈ దారిలో నిలవలేకపోయింది మోటారు ఒక్కటే."

డాక్టరుగారు తలుపుకు తాళం వేసి, కోటు భుజాన వేసుకుని, రొప్పుతూ వాళ్ళ వెంట పడ్డారు. ముగ్గురూ నడిచారు. నూట తొంభై అయిదు దగ్గర ఉడికించిన గుడ్లు తిన్నారు. రెండు వందలు దగ్గర డాక్టరుగారు పాట ఎత్తుకున్నారు. రెండు వందల ఒకటి దగ్గర మిగిలిన ఇద్దరూ ఆపించారు. మోకాలు మూలుగుతూనే ఉన్నది గాని, దాని మాట వినే తీరిక ఎవరికీ లేదు. మధ్యాహ్నం మూడు కావస్తుండగా దారి ఒక్కసారి చదునయింది, గాలి మొహాన కొట్టింది. రెండు వందల పన్నెండో స్తంభం కనుమ నడినెత్తిన ఒంటరిగా నిలబడి ఉన్నది. దాని అవతల దీపాలు లేవు. రాళ్ళ మధ్య కాలిబాట మాత్రం.

మెకానిక్కు ఎగిరి గంతేసింది. డాక్టరుగారు స్తంభాన్ని కావలించుకున్నారు. ఇన్‌స్పెక్టరమ్మగారు పత్రం తీసి, కలం మూత విప్పి, పైకి చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"ఏమైంది మేడమ్?" మెకానిక్కు గంతులు ఆపేసింది.

"ఇది స్తంభం. దీపమో కాదో నాకు తెలియదు. వెలగని దీపం దీపం కాదు. ఇది వెలగకపోతే చివరి దీపం వెనకది అవుతుంది. తప్పు చోట సంతకం పెట్టినట్టవుతుంది."

"రెండు చోట్లా పెట్టెయ్యండి వదినా, మీకు దణ్ణం పెడతాను!"

"ఒకే పత్రం మీద రెండు చోట్ల సంతకం పెట్టేది దొంగలు, మరిదిగారూ."

"పొద్దుగూకే దాకా వెలగదు కదా! విడిదింటికి ఇంకా మూడు గంటల నడక. ఆరింటికి తలుపు వేసేస్తారు!"

"ఆ సంగతి నాకూ తెలుసు," అన్నారు ఇన్‌స్పెక్టరమ్మగారు. తన నియమాన్ని తానే చేత్తో పట్టుకుని ఆ పిల్ల దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. పక్కకు తప్పుకోవడం మాత్రం చేతకావడం లేదు.

మెకానిక్కు స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసింది. నెత్తిన ఉన్న నల్లపలకను చూసింది. తరువాత ఇన్‌స్పెక్టరమ్మగారి చేతిలోని గొడుగును చూసింది. ముఖమంతా నవ్వయింది.

"అమ్మమ్మగారూ, ఆ గొడుగిలా ఇవ్వండి."

"నేను నీకు అమ్మమ్మను కాను. సాక్షిని."

"సరే సాక్షిగారూ, గొడుగు! దీనికి పగలేదో రాత్రేదో ఆ పలక చెప్పాలి. పలక మీద నీడ పడితే చీకటి పడిందనుకుంటుంది. వెర్రిబాగుల్ది."

తన సంచిలోంచి లిఫ్టు గోతుల్లో దిగేటప్పుడు కట్టుకునే నడుము పట్టీ తీసి, స్తంభం చుట్టూ వేసి బిగించుకుంది. గొడుగును పళ్ళతో కరిచిపట్టింది. ఉడుత చెట్టెక్కినట్టు ఎక్కేసింది. పైన గొడుగు ఫట్టున విచ్చుకుని పలకను కప్పేసింది. తాడుతో రెండు చుట్లు, ఒక ముడి.

ఏమీ కాలేదు.

"ఆలోచిస్తోంది!" పై నుంచి కేక వినిపించింది. "దానికి కొంచెం టైమివ్వండి!"

ముగ్గురూ లెక్క మొదలుపెట్టారు. గాలి కూడా ఆగినట్టే ఉన్నది. ఒకటి, రెండు, మూడు... పది దాకా లెక్కపెట్టేసరికి స్తంభం గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసింది. ఆ వెంటనే, పట్టపగలు, ఎర్రటి ఎండలో, దీపం తెల్లగా వెలిగింది.

ఇన్‌స్పెక్టరమ్మగారు నవ్వారు. మామూలుగా పెదవి విరుపు దగ్గర ఆగిపోయే మనిషి, కడుపు పట్టుకుని, ఎక్కిళ్ళు వచ్చేదాకా, కళ్ళద్దాలు జారిపోయేదాకా నవ్వారు. డాక్టరుగారు దీపాన్ని మరిచిపోయి ఆమెనే చూశారు.

"ఇరవై ఏళ్ళయింది వదినా మీ వెనక పళ్ళు చూసి. కుడివైపు ఒకటి పుచ్చింది, వచ్చి చూపించుకోండి."

మెకానిక్కు జారి దిగి, చెప్పకుండానే వెనక్కి తిరిగి వంగింది. ఇన్‌స్పెక్టరమ్మగారు ఆ వీపు మీద పత్రం పరిచి, వెలుగుతున్న దీపం కింద, తేదీ వేసి, స్తంభం నంబరు రాసి, ఒక్క అక్షరం వంకర పోకుండా సంతకం చేశారు. ఆ పిల్ల పత్రాన్ని రెండు చేతులా అందుకుని, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టి, జేబును రెండుసార్లు తట్టి చూసుకుంది.

"ఉండండి, గొడుగు తెచ్చిస్తాను."

"వద్దు. వచ్చేటప్పుడు తీసుకుంటాను."

"ఎక్కడినుంచి వచ్చేటప్పుడు?" అన్నారు డాక్టరుగారు.

ఇన్‌స్పెక్టరమ్మగారు దీపం అవతలి కాలిబాట వైపు గడ్డంతో చూపించారు. "ఆ మలుపు దాకా."

"మీ నియమం ఇక్కడితో అయిపోయిందిగా అమ్మమ్మగారూ?" అంది మెకానిక్కు. ఈసారి ఇన్‌స్పెక్టరమ్మగారు ఆ పిలుపును దిద్దలేదు.

"అయిపోయింది. ఇక ముందుది నా సొంత పని."

"వదినా! మరి మనం ఇంటికెట్లా పోతాం? కారు చచ్చిందిగా!"

"దిగుడే కదా మరిదిగారూ! ఈలోగా నా గొడుగు జాగ్రత్త!"

కాలిబాట ఇరుకు. మెకానిక్కు ముందు, ఇన్‌స్పెక్టరమ్మగారు వెనుక. రాళ్ళు కాళ్ళ కింద కరకరలాడాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి లోయ అంతా ఒక్కసారిగా తెరుచుకుంది. దువ్వెన ఎదురుగా, ఒక్కో పన్నూ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఉన్నది. ఇన్‌స్పెక్టరమ్మగారు నిలబడిపోయారు. అక్కచెల్లెళ్ళిద్దరిలో ఎప్పుడూ చెల్లెలు ఒక్కతే చూసిన మలుపు ఇది.

ఆమె వెనక్కి తిరిగి చూశారు. కనుమ మీద, పట్టపగటి ఎండలో, నల్లగొడుగు కింద దీపం ఒళ్ళు తెలియకుండా వెలుగుతోంది. దాని కింద డాక్టరుగారు గొడుగు కొస అందుకోవాలని ఎగురుతున్నారు, అందడం లేదు, మళ్ళీ ఎగురుతున్నారు.

"అమ్మమ్మగారూ," పైనుంచి మెకానిక్కు పిలిచింది. నాలుగు అంగల ముందు నడుము మీద చేయి వేసుకుని నిలబడి ఉన్నది. కళ్ళ నిండా కొంటెతనం. "ఇంకొక్క మలుపు దాకా రండి."

ఇన్‌స్పెక్టరమ్మగారు కోటుకు మిగిలిన ఆఖరి గుండీ కూడా విప్పి, ఆ పిల్ల చాచిన చేయి అందుకున్నారు.